కొండాపూర్ వైపు వాక్-ఇన్ వైన్స్: సరుకు బానే ఉంది, మరి మీ దగ్గర ఏ కార్డు ఉంది?

వైన్స్ గురించి ఎవరు రివ్యూ రాసినా రేట్లు, స్టాకు, బీరు చల్లగా ఉందా లేదా, ఇంతే ఉంటుంది. నేను కార్డు సంగతి రాస్తున్నా. కొండాపూర్ వైపు మెయిన్ రోడ్డు మీదున్న ఈ పెద్ద స్టోర్‌లో ఏం కొనాలో తేల్చుకోవడం తేలికే, మనకి 21 నిండాయని వాళ్లకి చూపించడమే అసలు పని. షాపు పేరు రాయను, కింద ఒక తిట్టు కూడా ఉంది కాబట్టి.

తెలంగాణలో 21 నిండకుండా మందు అమ్మకూడదు, అటు ఆంధ్రాలోనూ అంతే. ఉమ్మడి రాష్ట్రం నాటి 1968 ఎక్సైజ్ చట్టమే పేరు మార్చుకుని ఇక్కడ నడుస్తోంది, అమ్మినవాడి మెడకే చుట్టుకుంటుంది. కాగితం మీద ఇంత గట్టిగా ఉన్న రూలు, మామూలు వైన్స్ దగ్గర ఎలా ఉంటుందో అందరికీ తెలుసు: గ్రిల్ సందులోంచి ఐదొందల నోటు లోపలికి వెళ్తుంది, క్వార్టర్ బయటికి వస్తుంది, మధ్యలో మొహం చూసే తీరిక ఎవరికీ లేదు. సాయంత్రం ఏడు దాటాక అక్కడ ఇంటర్ పిల్లాడు నిలబడ్డా "ఏం కావాలె, జల్ది చెప్పు" తప్ప ఇంకో మాట రాదు. అదే పబ్బుకి వెళ్తే గేటు దగ్గర బౌన్సర్ ముందు మన చెప్పులు చూసి, తర్వాత మొహం చూసి, అప్పుడు కార్డు అడగాలా వద్దా అని నిర్ణయిస్తాడు. అంటే మన ఊళ్లో వయసు కార్డు అనేది వయసుని బట్టి కాదు, వేసుకున్న చొక్కాని బట్టి అడుగుతారు.

ఈ స్టోర్ నాకు నచ్చింది అక్కడే. కాస్త చిన్నగా కనిపించే ప్రతి ఒక్కరినీ అడుగుతారు, బెంజ్‌లో దిగినా రాపిడో బైక్ దిగినా. బిల్లింగ్ కౌంటర్ పక్కన చిన్న తెల్లబోర్డు ఉంటుంది, దాని మీద మార్కర్‌తో ఆ రోజుకి సరిగ్గా 21 ఏళ్ల వెనకటి తేదీ రాసి పెడతారు. పొద్దున్నే తలుపు తీసిన కుర్రాడు నిన్నటి అంకెని మోచేత్తో తుడిచి కొత్తది రాస్తాడట, పాత అంకెల నీలిరంగు మరక అలాగే పొగలా కింద కనిపిస్తూ ఉంటుంది. కార్డు మీదున్న తేదీ ఆ బోర్డు మీది తేదీ కంటే వెనకదైతే బిల్లు కొడతారు, లేకపోతే లేదు. ఎవరూ వేళ్ల మీద లెక్కలు వేయక్కర్లేదు, మనతో వాదన అక్కర్లేదు. ఇంత చిన్న పని ఊళ్లో మిగతావాళ్లు ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

మేము వెళ్లింది మా బావమరిది మొదటి జీతం దావత్‌కి. వాడికి 22, మీసం ఇంకా మొహమాటపడుతూ వస్తోంది, చూస్తే డిప్లొమా ఫస్టియర్ అనుకుంటారు. బిల్లు తనే కడతానని పంతం. మెడలో హైటెక్ సిటీ కంపెనీ ట్యాగు వేలాడుతోంది, అదే తీసి చూపించాడు. కౌంటర్ దగ్గరున్న పెద్దాయన నవ్వి, "తమ్ముడూ, ఇది నీ ఆఫీసు తలుపుకి, నా కౌంటర్‌కి నడవదు, పుట్టిన తారీఖు ఉన్నది చూపెట్టు" అన్నాడు. ఆ ఏరియాలో సగం జనం మెడలో ట్యాగుతోనే తిరుగుతారు కాబట్టి రోజుకి ఆ మాట ఎన్నిసార్లు అంటాడో పాపం. కాలేజీ ఐడీ కూడా అంతే, చాలావాటి మీద పుట్టిన తేదీ ఉండదు, ఉన్నా వీళ్లు తీసుకోరు.

బావమరిది ఫోన్ తీసి గ్యాలరీలో ఆధార్ ఫొటో వెతికాడు. "గ్యాలరీల ఫొటో నడవదు, యాప్ తెరువు." డిజీలాకర్ తెరిచాడు, నెట్ అందక గుండ్రం తిరుగుతూనే ఉంది, వెనక క్యూ పెరుగుతోంది, "బావా, నువ్వే కట్టెయ్యి" అని నెమ్మదిగా నా వైపు జరిగాడు. అదీ కుదరలేదు. ఇద్దరూ కలిసి వస్తే ఇద్దరివీ చూస్తారట, నేను కొని బయటికెళ్లి వాడి చేతికిస్తే ఏంటి లెక్క అని. నిజానికి అది సరైన ప్రశ్నే, కానీ ఆ టైంలో నాకు చిర్రెత్తిన మాట వాస్తవం. చివరికి లోపలి వైఫై పాస్‌వర్డ్ వాళ్లే ఇచ్చారు, డిజీలాకర్‌లో డ్రైవింగ్ లైసెన్సు తెరుచుకుంది, ఆయన స్క్రీన్ కిందికి లాగి రిఫ్రెష్ కొట్టి, స్క్రీన్‌షాట్ కాదని తేల్చుకుని, బోర్డు వైపు ఒకసారి చూసి "ఓకే" అన్నాడు.

అక్కడ ఏది నడుస్తుంది, ఏది నడవదు అనేది అడిగి తెలుసుకున్నా, వెళ్లేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. అన్నిటికన్నా తేలిగ్గా అయిపోయేది డ్రైవింగ్ లైసెన్సు. ఫొటో, పుట్టిన తేదీ రెండూ ఉంటాయి, దాంట్లో ఎవడికైనా పనికొచ్చే రహస్యం పెద్దగా ఏమీ ఉండదు. డిజీలాకర్‌లో చూపించినా ఒరిజినల్‌తో సమానమే, ఐటీ చట్టం కింద 2016లో వచ్చిన రూల్సే ఆ మాట చెప్తాయి. లైసెన్సు, ఆర్సీ ఫోన్‌లో చూపించే మన ఆర్టీఏ యాప్ ఎం-వాలెట్ కూడా 2016 నుంచే ఉంది, కానీ అది చూపిస్తే ఈ కౌంటర్ పెద్దాయన "ఇదేం యాప్" అన్నట్టు చూశాడు. పాపం ట్రాఫిక్ పోలీసులు ఒప్పుకునేది వైన్స్‌లో ఒప్పుకోకపోవడం విచిత్రమే. ఎల్‌ఎల్‌ఆర్, అంటే లెర్నర్ లైసెన్సు కాగితం తీసుకోరు. గడువు తీరిన లైసెన్సూ తీసుకోరు, లైసెన్సు గడువు అయిపోతే మనం పుట్టిన తేదీ కూడా అయిపోతుందా అని అడగాలనిపించింది, అడగలేదు. ఇంకొకటి, కొన్ని బార్లలో లైసెన్సు ఉందంటే చాలు లోపలికి పంపేస్తారు, గేరు బండికి లైసెన్సు 18కే ఇస్తారన్న సంగతి వాళ్లకి తట్టదు. ఈ స్టోర్‌లో కార్డు ఉందా అని కాదు, తేదీ చూస్తారు.

పాస్‌పోర్టుకి తిరుగులేదు, కానీ బీరు సీసా కోసం పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని తిరిగే మనిషి ఎవరు. విదేశీ విద్యార్థులకి మాత్రం అదే దిక్కు. పాన్ కార్డు తీసుకుంటారు, ఒక్క తిరకాసు ఉంది: చిన్నప్పుడు ఇంట్లోవాళ్లు బ్యాంకు పని కోసం తీయించిన మైనర్ పాన్ మీద ఫొటో ఉండదు. పెద్దయ్యాక మార్పించుకోని పిల్లలు చాలామంది ఉన్నారు, అది చూపిస్తే వెనక్కిచ్చేస్తారు. ఓటరు కార్డు అయితే కొత్తవాటి మీద పుట్టిన తేదీ ఉంటుంది, పాతవాటి మీద ఫలానా జనవరి ఒకటికి ఇన్నేళ్లు అని వయసు మాత్రమే ఉంటుంది. ఆ పాత కార్డులు ఉన్నవాళ్లని ఎలాగూ ఎవరూ అడగరు, వాళ్ల జుట్టే సాక్ష్యం.

ఇక ఆధార్. అందరూ ముందు తీసేది ఇదే, అన్ని చోట్లా ముందు అడిగేదీ ఇదే, కానీ నిజం చెప్పాలంటే వయసుకి అన్నిటికన్నా బలహీనమైన సాక్ష్యం కూడా ఇదే. ఇది గుర్తింపుకి రుజువు తప్ప పుట్టిన తేదీకి కాదని ఇప్పుడొస్తున్న ఆధార్ మీద వాళ్లే అచ్చేసి ఇస్తున్నారు, తీసి చదవండి కావాలంటే. పీఎఫ్ ఆఫీసు 2024 జనవరిలో పుట్టిన తేదీ రుజువుల లిస్టులోంచి ఆధార్‌ని తీసేసింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక యాక్సిడెంట్ పరిహారం కేసులో, వయసు తేల్చడానికి ఆధార్ కన్నా స్కూల్ సర్టిఫికెట్ నయం అంది. పీఎఫ్‌కి పనికిరానిది ఫుల్ బాటిల్‌కి పనికొస్తోంది, మన దేశం అంతే.

స్కూల్ సర్టిఫికెట్ అంటే ఇంకో కథ. మనవాళ్లలో అసలు పుట్టినరోజు వేరు, పదో తరగతి మెమోలో పుట్టినరోజు వేరు. బళ్లో చేర్చేటప్పుడు వయసు చాలట్లేదని హెడ్మాస్టరే ఏ జూన్ ఒకటో వేసేస్తాడు, తర్వాత పాన్, పాస్‌పోర్టు, ఉద్యోగం అన్నీ ఆ తేదీ మీదే నడుస్తాయి. మా బావమరిది కూడా కాగితాల మీద ఏడు నెలలు పెద్దవాడు. మా అత్తగారు వాడికి పాయసం చేసేది ఒక రోజు, ఆఫీసువాళ్లు మెయిల్ పంపేది ఇంకో రోజు. వైన్స్‌వాడికి మాత్రం కార్డు మీదున్నదే లెక్క, ఈ ఒక్క విషయంలో హెడ్మాస్టరు గారు వాడికి మేలే చేశారు.

ఇప్పుడు తిట్టు. మా వెనక ఒకమ్మాయి ఆధార్ పీవీసీ కార్డు ఇచ్చింది. పక్క కౌంటర్ కుర్రాడు తేదీ చూశాడు, బోర్డు చూశాడు, అంతా అయిపోయింది, అయినా తన సొంత ఫోన్ తీసి కార్డుని రెండు వైపులా ఫొటో కొట్టాడు. పన్నెండు అంకెలు, వెనక ఇంటి అడ్రస్, అన్నీ. ఎందుకు అంటే "ఆడిట్‌కి మేడం" అన్నాడు. ఆ అమ్మాయి గట్టిగా అడిగేసరికి మేనేజర్ వచ్చి ఫొటో తీసేయమన్నాడు, ఆ అమ్మాయి అక్కడితో ఆగలేదు, ట్రాష్ ఫోల్డర్ కూడా తెరిపించి అందులోంచి కూడా తీయించింది. అందులో అప్పటికే ఇంకెవరివో కార్డులు వరసగా ఉన్నాయి. ఇది ఏ రకంగానూ ఒప్పుకోదగ్గది కాదు. వయసు చూడటం మీ పని, కార్డు దాచుకోవడం మీ పని కాదు. రాత్రి పూట ఒంటరిగా వచ్చిన ఆడపిల్ల అడ్రస్ ఒక కుర్రాడి ఫోన్‌లో ఎందుకుండాలి? దీనికే ఒక స్టార్ కోసేశా, ఐదుకి నాలుగు. నిజానికి మూడే ఇద్దామనుకున్నా, మేనేజర్ సాకులు చెప్పకుండా అక్కడికక్కడే తీయించాడని ఒకటి కలిపా.

ఆధార్ తప్ప వేరే దారి లేనివాళ్లు మాస్క్‌డ్ ఆధార్ పెట్టుకోండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి, ఫొటో, పుట్టిన తేదీ మామూలుగానే ఉంటాయి. ఈ స్టోర్‌లో అది నడుస్తుందని మేనేజరే చెప్పాడు. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసు, జిరాక్సులు ఎక్కడపడితే అక్కడ ఇవ్వకండి, మాస్క్‌డ్ వాడండి అని ప్రకటన ఇచ్చింది. జనం కంగారు పడేసరికి రెండు రోజులకే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. ప్రకటన పోయింది కానీ అందులోని సలహా మంచిదే.

బయటి రాష్ట్రాల కుర్రాళ్లు కౌంటర్ దగ్గర "మా దగ్గర అలా కాదు" అని గొడవ పడటం కూడా చూశా. గోవాలో 18, కేరళలో 23, ఢిల్లీలో 25, మహారాష్ట్రలో బీరుకి 21, విస్కీకి 25. ఎక్కడ కొంటే అక్కడి రూలు, మీ ఆధార్ మీద ఏ రాష్ట్రం అడ్రస్ ఉందన్నది లెక్కలోకి రాదు. పణజీలో 19 ఏళ్లకి హాయిగా తాగొచ్చినవాడు గచ్చిబౌలిలో రెండేళ్లు ఆగాల్సిందే. తెలంగాణలో ఇంటికి డెలివరీ లేదు కాబట్టి యాప్‌లో ఏదో టిక్కు పెట్టి తెప్పించుకునే దారి కూడా లేదు, మొహం చూపించాల్సిందే.

మిగతావి గబగబా చెప్పేస్తా. రేట్లు ఎంఆర్‌పీయే, చల్లటి బీరుకి పైన ఐదో పదో గుంజడం ఇక్కడ లేదు. 2025 ఫిబ్రవరిలో బీరు 15 శాతం పెరిగాక ఎంఆర్‌పీయే ఏడిపిస్తోంది, అది వేరే విషయం. వైన్ ర్యాకు బాగుంది. మా ఆవిడ తీరిగ్గా తిరిగి లేబుళ్లు చదువుకుని సీసా తనే ఎంచుకుంది, ఎవడూ వింతగా చూడలేదు, తనని కూడా కార్డు అడిగారు, దానికి మురిసిపోయి ఇంటికొచ్చేదాకా అదే చెప్పింది. సింగిల్ మాల్టులు ఎక్కువే, కానీ మనలాంటివాళ్లు తాగే బ్రాండ్ల హాఫులు శనివారం సాయంత్రానికి అయిపోతాయి. మంచింగ్ కౌంటర్ దండగ, పల్లీలు మెత్తబడిపోయాయి.

పార్కింగ్ ఇరుకు, శుక్రవారం రాత్రి కారు తీసుకెళ్లకండి. తొమ్మిది దాటాక కార్డు చూసేది ఒక్క కౌంటర్‌లోనే, అక్కడ క్యూ బయటిదాకా వస్తుంది కాబట్టి డిజీలాకర్ రోడ్డు మీద ఉండగానే తెరిచి పెట్టుకోండి, లోపల ఏ నెట్‌వర్కూ సరిగ్గా అందదు. వైఫై పాస్‌వర్డ్ అడిగితే ఇస్తారు, ఎండాకాలం ఆఫర్ల పాంప్లెట్ వెనకాల రాసి.