ఓటు వేయాలా, వద్దా? లిబర్టేరియన్లకు ఏది మేలు?

పక్కవాడి మీద పెత్తనం చేసే హక్కు నాకు లేనప్పుడు, నా తరఫున ఆ పెత్తనం చేయమని ఇంకొకరిని ఎన్నుకునే హక్కు ఎక్కడిది? అమెరికాలో ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ లిబర్టేరియన్లు, అంటే మనిషి స్వేచ్ఛే ముఖ్యం, సర్కారు పెత్తనం వీలైనంత తగ్గాలనేవారు, ఈ ప్రశ్న మీద తమలో తామే తగాదా పడతారు.

ఓటే వేయకూడదనేది ఒక పక్షం. కార్ల్ వాట్నర్, జార్జ్ హెచ్. స్మిత్, వెండీ మెకెల్రాయ్ 1982లో మొదలుపెట్టిన వాలంటరీయిస్టుల వాదం ఇదే. ఓటేస్తే ప్రభుత్వ బలప్రయోగానికి సమ్మతి తెలిపినట్టేనని అంటారు. తర్కం నికార్సయినదే, ఫలితమే కనబడదు. 1996 అధ్యక్ష ఎన్నికల్లో అమెరికన్లలో దాదాపు సగం మంది ఓటు వేయలేదు. దానివల్ల పన్నుల వసూలు ఏమీ ఆగలేదు.

పైగా సమ్మతి వాదాన్ని పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ అరాచకవాది (ప్రభుత్వమే వద్దనేవాడు) లైసాండర్ స్పూనర్ ముందే తోసిపుచ్చాడు. అడగకుండానే నెత్తిన రుద్దిన ప్రభుత్వం నుంచి తనను కాపాడుకోవడానికి ఓటు వేసినవాడు దానికి ఒప్పుకున్నట్టు కాదన్నాడు. అయితే అతని జీవితం ఓటు వద్దనేవారికే ఎక్కువ పనికొస్తుంది. 1844లో సర్కారు తపాలాకు పోటీగా సొంత ఉత్తరాల కంపెనీ పెట్టి, తక్కువ ధరకు బట్వాడా చేశాడు. మరుసటి ఏడు కాంగ్రెస్ తపాలా రేట్లు తగ్గించింది, ప్రైవేటు పోటీని కూడా అణచివేసింది. రేటు దిగింది అతని పోటీ దెబ్బకు, కంపెనీ మూతపడింది చట్టం దెబ్బకు. చట్టసభను పట్టించుకోకుండా ఎంతో దూరం పోలేమనీ ఇందులోనే తెలుస్తుంది.

సొంత అభ్యర్థికి ఓటు వేయడం రెండో దారి. లిబర్టేరియన్ పార్టీ 1971లో పుట్టింది. అమెరికాలో అధ్యక్షుణ్ణి చివరికి ఎన్నుకునేది రాష్ట్రాల తరఫున ఓటేసే ఎలక్టర్లు. మరుసటి ఏడాది ఆ పార్టీ అధ్యక్ష అభ్యర్థి జాన్ హాస్పర్స్‌కు దక్కిన ఒకే ఒక్క ఎలక్టోరల్ ఓటు రిపబ్లికన్ ఎలక్టరు ఒకరు మాట తప్పి వేసినది. 2016లో ఆ పార్టీ అభ్యర్థి గ్యారీ జాన్సన్‌కు సుమారు 45 లక్షల ఓట్లు పడ్డా ఒక్క రాష్ట్రమూ దక్కలేదు. గెలవకపోవడం కంటే నన్ను ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. అభ్యర్థికి వేసే ఓటు ఖాళీ చెక్కు. రేపు అతను దేని మీద సంతకం చేస్తాడో మనకు తెలియదు.

అందుకే నా మొగ్గు మూడో దారికి: మనుషులకు కాక ప్రతిపాదనలకు ఓటు వేయడం. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు 13వ ప్రతిపాదనను నెగ్గించి ఆస్తి పన్నును విలువలో ఒక శాతానికి కట్టేశారు. ఓటర్లను అడగకుండా పన్నులు పెంచకూడదని 1992లో కొలరాడో తన రాజ్యాంగంలోనే రాసుకుంది. ఇక్కడ ఓటరు ఎవరికీ అధికారం ఇవ్వలేదు, ఉన్న అధికారాన్ని కుదించాడు. కానీ అదే కాలిఫోర్నియా బ్యాలెట్టు 2008లో స్వలింగ జంటల పెళ్లి హక్కును లాగేసుకుంది. కాబట్టి ప్రతిపాదన అయితే చాలదు. అది ప్రభుత్వం చేతులు కట్టేస్తోందా, పొరుగువాడి చేతులా అని చూసుకుని వేయాలి.

మన దేశంలో ఈ మూడో దారి లేదు. 2013లో వచ్చిన నోటా మొదటి పక్షానికి కొంత ఊరట కావచ్చు, అయితే లోక్‌సభ ఎన్నికల్లో దానికే ఎక్కువ ఓట్లు పడినా ఆ తర్వాత ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థే గెలుస్తాడు. ఇక రెండో దారిలో సర్కారు పెత్తనం తగ్గాలంటూ 1959లో ఎన్.జి. రంగా అధ్యక్షుడిగా స్వతంత్ర పార్టీ పుట్టింది, 1967లో 44 లోక్‌సభ సీట్లు గెలిచింది. ఈనాడు అలాంటి పార్టీని రిజిస్టర్ చేయించాలంటే, 1989 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ముందుగా సోషలిజానికి విధేయత ప్రకటించాలి.