పీఆర్వోకు నాలుగు స్టార్లు, ఆసుపత్రికి రెండే

బాపు కంటి ఆపరేషన్ కోసం పరకాల నుంచి హనుమకొండలోని ఓ ప్రైవేట్ ఆసుపత్రికి వెళ్లాం. తొమ్మిదింటికి ఆపరేషన్లన్నీ ఆపేశారు. ఎందుకని అడిగితే కౌంటర్‌లో "వెయిట్ చేయండి" అన్న మాటే. బాపుకు షుగర్, పైగా పరగడుపు. ఒకటే టెన్షన్.

పదకొండింటికి పీఆర్వో (ప్రజా సంబంధాల అధికారి) సారు వచ్చారు. "స్టెరిలైజేషన్ మిషన్ చెడిపోయింది. ఈరోజు ఆపరేషన్లు లేవు, తప్పు మాదే" అని అందరి ముందూ చెప్పారు. షుగర్ ఉన్నవాళ్లకు ముందుగా ఇడ్లీ తెప్పించారు.

1982లో అమెరికాలో సైనైడ్ కలిసిన టైలెనాల్ అనే నొప్పి మాత్రలతో ఏడుగురు చనిపోతే, ఆ మందు కంపెనీ జాన్సన్ అండ్ జాన్సన్ 3 కోట్లకు పైగా సీసాలు వెనక్కి తీసుకుంది. ఇబ్బంది వస్తే దాచకుండా వెంటనే జనానికి చెప్పాలన్నది కాకతీయ యూనివర్సిటీలో జర్నలిజం చదివినప్పటి పాఠం, అక్కడ గుర్తొచ్చింది.

మరి ఆ రెండు గంటలు విషయం చెప్పకుండా పీఆర్వో సారుని ఎవరు ఆపినట్టు? రానుపోను ఖర్చులడిగితే "పైవాళ్లతో మాట్లాడి ఫోన్ చేస్తా" అన్నారు. పది రోజులైంది, ఫోన్ రాలేదు.