అరేనా మెహికోలో కుస్తీ చూడాలంటే హోటల్ వాళ్ళ ప్యాకేజీ మాత్రం కొనకండి

మెక్సికో సిటీ గురించి రాద్దామని కూర్చుంటే ముందు గుర్తొచ్చేది పిరమిడ్లు కాదు, ఆ శుక్రవారం రాత్రి మనిషికి 950 పెసోలు గుంజిన టూర్ వాళ్ళే. ఆ పిరమిడ్లున్న తియోతివాకాన్ బాగుంది, పొద్దున్నే వెళ్ళండి, ఎండ మాడ్చేస్తుంది, అంతే. అమెరికా వీసా ఉంటే ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్ళకి మెక్సికో వీసా వేరే అక్కర్లేదు కాబట్టి డాలస్ నుంచి మా వారు, నేను, మా చెల్లి బయల్దేరాం. చెల్లికి ఈ ట్రిప్‌లో కావాల్సింది ఒక్కటే, అరేనా మెహికో అనే పెద్ద కుస్తీ స్టేడియంలో ఆడవాళ్ళ లూచా లిబ్రే, అంటే మెక్సికో మార్కు కుస్తీ. చిన్నప్పుడు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కార్డులాడిన పిచ్చి దానికింకా వదల్లేదు, మెక్సికో ఛాంపియన్ల పేర్లు అడక్కుండానే గడగడా అప్పజెప్తుంది.

మేం దిగిన హోటల్లో లూచా నైట్ అని ప్యాకేజీ అమ్మారు. టికెట్, మాస్కు, ఒక బీరు, తోడు ఒక గైడు. షో ఎనిమిదిన్నరకైతే ఆరున్నరకే అందర్నీ పోగేసి ఒక బార్‌లో కూర్చోబెట్టాడు, ఆ బార్ వాళ్ళ దగ్గర వీడికేదో కమిషన్ ఉండే ఉంటుంది, ఎనిమిదిన్నర దాటినా కదల్డే. రెండో బౌటే ఆడవాళ్ళది, అయిపోతుంది బాబూ అని చెల్లి వెంటపడి అడిగితే, అది బీరు తాగే టైమ్ మేడమ్, అసలైనవాళ్ళు చివర్లో వస్తారు అన్నాడు. మేం లోపల అడుగుపెట్టేసరికి ఆ ఆరుగురు అమ్మాయిలు భుజాన టవళ్ళు వేసుకుని వెనక్కి వెళ్ళిపోతున్నారు. చెల్లి ఆ రాత్రంతా మాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. సీట్లు చూస్తే ఎక్కడో పైన, టికెట్ మీద ప్రింటైన రేటు 180 పెసోలు. మిగతా 770కి ఒక గోరువెచ్చని బీరు, కుట్లూడిపోయే మాస్కు.

డబ్బులు పోతే పోయాయి, బీరు టైమ్ అన్న మాటే నాకిప్పటికీ మండుతోంది. ఆడవాళ్ళకి మెక్సికన్ నేషనల్ టైటిల్ పెట్టింది 1955లో, మొదటి ఛాంపియన్ లా దామా ఎన్‌మాస్కరాదా, మాస్కు వేసుకుని ఆడేది. సరిగ్గా ఆ రోజుల్లోనే మెక్సికో సిటీని ఏలుతున్న ఉరుచుర్తు అనే పెద్దమనిషి హయాంలో రాజధానిలో ఆడవాళ్ళు కుస్తీ పట్టకూడదని నిషేధం వచ్చింది. దేశానికి ఛాంపియన్ అట, రాజధానిలో మాత్రం రింగెక్కకూడదట! ఇర్మా గొన్సాలెస్, చాబేలా రొమేరో, లోలా గొన్సాలెస్ లాంటివాళ్ళు బయట ఊళ్ళు తిరిగి ఆడుతూ ఆ ఆటని బతికించారు. ఇర్మా అయితే మాస్కు వేసుకుని ఆడే పెద్ద స్టార్ ఎల్ సాంతో పేరు కలుపుకుని లా నోవియా దెల్ సాంతో, అంటే సాంతో ప్రియురాలు, అని మాస్కులో కూడా ఆడింది. అరేనా మెహికో కట్టింది 1956లో, నిషేధం పోయింది 1986లో, అంటే ఇంత పెద్ద అరేనాలో దాదాపు ముప్పై ఏళ్ళు ఆడవాళ్ళకి చోటే లేదన్నమాట.

అక్కడి పెద్ద కుస్తీ కంపెనీ సీఎంఎల్ఎల్ ఆడవాళ్ళకి వరల్డ్ టైటిల్ పెట్టింది ఇంకా లేటుగా, 1992లో. మొదటి ఛాంపియన్ మెక్సికో అమ్మాయి కూడా కాదు, జపాన్ నుంచొచ్చిన బుల్ నకానో. తర్వాత లేడీ అపాచే, మార్సెలా లాంటి మెక్సికన్లూ గెలిచారు, పనామా మనిషి దాలిస్ 2015లో గెలిచి ఏళ్ళ తరబడి వదల్లేదు, చిలీ అమ్మాయి స్టెఫనీ వాకేర్ గెలిచి 2024లో డబ్ల్యూడబ్ల్యూఈకి వెళ్ళిపోయింది. 2025 జూన్‌లో ఇదే అరేనాలో అమెరికన్ మెర్సెడెస్ మోనే వచ్చి అప్పటి ఛాంపియన్ సెయూక్సిస్‌ని ఓడించి పట్టుకెళ్ళింది. వేరే దేశాలనుంచి వచ్చి మరీ కొట్లాడే టైటిల్‌ని బీరు టైమ్ అంటే ఎలా?

చెల్లి ముఖం చూడలేక మంగళవారం మేమే వెళ్ళాం. మెట్రో మనిషికి 5 పెసోలు, బల్దేరాస్‌లో దిగి నడక. అరేనా బయట టికెట్ కౌంటర్లో రింగుకి బాగా దగ్గరగా ఒక్కోటి 220. బ్లాకులో అమ్మేవాళ్ళు కౌంటర్ మూసేశారని చెప్తారు, నమ్మకండి, నేరుగా కిటికీ దగ్గరికెళ్ళండి. మా వారికి ఆకలేస్తే లోకజ్ఞానం ఉండదు, విసుక్కుంటూనే ఉన్నారు, గేటు పక్కన 70 పెసోల తోర్తా (మెక్సికన్ శాండ్‌విచ్) తినిపించాక మామూలు మనిషయ్యారు. ముగ్గురికీ కావాల్సినంత అవకాడో, పచ్చిమిరపకాయ ఊరగాయ, వెజ్ కావాలంటే చీజ్‌తో చేసిస్తారు.

ఆ రోజు టైటిల్ బౌట్ కాదు, ముగ్గురు ముగ్గురు ఆడే మామూలు బౌట్. అయినా మూడడుగుల దూరంనుంచి చూస్తే వేరు. గుండెల మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొడితే టపాకాయ పేలినట్టు వినిపించింది, దెబ్బ తిన్న అమ్మాయి మెడ కింద ఐదు వేళ్ళూ ఎర్రగా తేలాయి, ఆమె రింగు తాడు పట్టుకుని జుట్టు ఎగదోసుకుని నవ్వి మళ్ళీ ఎదురెళ్ళింది. మా పక్కన స్వెట్టర్ వేసుకున్న ఒక పెద్దావిడ విలన్ వైపు వాళ్ళని, అంటే రూదాలని, పేరుపేరునా తిడుతోంది. చెల్లికి స్పానిష్ రాదు, ఆవిడకి ఇంగ్లీష్ రాదు, ఇద్దరూ కలిసి అరిచారు. ఎవరూ బీరు కోసం లేవలేదు!

పిల్లలుంటే ఆదివారం సాయంత్రం షోకి వెళ్ళండి, జనం ఫ్యామిలీలే. మాస్కు బయట బండి మీద 120కి మంచిదే దొరికింది, బేరం ఆడితే తగ్గిస్తారు. నీళ్ళ బాటిల్ గేటు దగ్గరే తీసేసుకుంటారు. షో అయ్యాక అరేనా ఉన్న దోక్తోరెస్ ఏరియాలో చీకట్లో నడవొద్దు, గేటు దగ్గరే నిలబడి ఉబర్ బుక్ చేసుకోండి, సెంట్రోలో, అంటే ఊరి నడిబొడ్డున, మా హోటల్ దాకా మాకు 84 పెసోలయింది.