మెక్సిలెటిన్ క్యాప్సూల్: మా బాపుకు రాత్రి నిద్ర ఇచ్చిన మందు

మా బాపు ముప్పై ఏళ్లు తాళ్లెక్కిన మనిషి. చండూరు దగ్గర మా ఊళ్లో ఆయనవంటి గట్టి పిక్కలు ఎవరికీ లేవనేవాళ్లు. రెండేళ్ల కింద మోకు వేసుకుని ఎక్కుతుంటే కుడికాలు పట్టు తప్పింది. మా వైపు కాళ్లు బిగుసుకుపోతే ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడ్ నీళ్లే. మేమూ అదే అనుకుని ఏడాది పోగొట్టుకున్నాం. చివరికి హైదరాబాద్‌లో న్యూరాలజీ డాక్టర్ మోటార్ న్యూరాన్ జబ్బని, అంటే కండలను కదిలించే నరాలు మెల్లగా చచ్చిపోయే జబ్బని తేల్చి, దాని వేగాన్ని కాస్త తగ్గించే రిలుజోల్ గోళీ మొదలుపెట్టారు.

నడక తగ్గినందుకు బాపు అంతగా ఏడవలేదు. పిక్కలు పట్టేస్తేనే తట్టుకోలేకపోయాడు. రాత్రి రెండింటికి కేక వేసేవాడు. లైటు వేసి చూస్తే పిక్కలో నిమ్మకాయంత ముడి, చర్మం కింద కదులుతూ కనిపించేది. పాదం పైకి వంచి పట్టుకుని, అది వదిలేదాకా మంచం మీదే కూర్చునేదాన్ని. రోజుకు ఐదారుసార్లు. జబ్బుతోపాటు వచ్చేదే కదా అని డాక్టర్‌కు చెప్పనే లేదు. మూడోసారి వెళ్లినప్పుడు బాపే నోరు విప్పాడు. డాక్టర్ ముందుగా ఈసీజీ తీయించి, మెక్సిలెటిన్ 150 మిల్లీగ్రాములు పూటకొకటి, రోజుకు రెండు రాశారు.

పన్ను పీకేముందు చిగురుకు మత్తు ఇంజక్షన్ ఇస్తారు కదా, లిగ్నోకెయిన్. ఇది దాని చెల్లెలు లాంటి మందు. లిగ్నోకెయిన్ మింగితే కాలేయంలోనే చాలావరకు ఖర్చైపోతుంది, ఇది నిలబడుతుంది. నరంలోకి సోడియం వెళ్లే దారులను రెండూ అడ్డుకుంటాయి. ఈ జబ్బులో నరాలు ఊరికే ఉలిక్కిపడి కండను గుంజుతుంటాయి, ఆ ఉలికిపాటు తగ్గుతుంది. అసలు ఇది గుండె లయ తప్పినవాళ్ల మందు. అందుకే ఒక మెడికల్ షాపులో "ఇది గుండెకు కదమ్మా, నరాలకెందుకు?" అని చీటీ తిరిగిచ్చేశారు. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇంతా అంతా కాదు.

ఇది జబ్బును ఆపదు. 2016లో వచ్చిన అమెరికా పరిశోధనలో 60 మందికి 12 వారాలు ఇచ్చి చూస్తే జబ్బు వేగం మారలేదు, పిక్కలు పట్టడం మాత్రం తగ్గింది. రోజుకు 900 మిల్లీగ్రాములు ఇచ్చినవాళ్లకు ఇబ్బందులు ఎక్కువయ్యాయి. 2018లో బాపు డోసుతోనే 20 మందిని చూస్తే 18 మందికి గుణం కనిపించింది. మందు లేని ఉత్త గోళీతో రోజుకు సగటున 5.3 సార్లు పట్టేది, మందుతో 3.5కి దిగింది.

మా ఇంట్లో లెక్క గోడ క్యాలెండర్ మీదుంది. పట్టినప్పుడల్లా ఆ తేదీ గడిలో పెన్సిల్ గీత. మందుకు ముందు నెలలో గీతలు గడి దాటిపోయాయి. మూడో వారంనుంచి ఒకటి, రెండు, కొన్ని గడులు ఖాళీ. మొదటివారం కడుపులో తిప్పింది, కాస్త తల తిరిగింది. అన్నం తిన్నాకే వేస్తే సర్దుకుంది. చాయ్‌లోని కెఫీన్ ఈ మందుతో ఒంట్లోంచి ఆలస్యంగా పోతుందట, అందుకని నాలుగు చాయ్‌లు రెండయ్యాయి. దానికి బాపు నామీద అలిగాడు.

నల్లగొండలో అడిగిన వెంటనే దొరకలేదు, హైదరాబాద్‌నుంచి తెప్పించుకుంటున్నాం. వారం ముందే చెప్పిపెట్టుకోండి. గుండె జబ్బున్నవాళ్లు డాక్టర్ చూడకుండా దీని జోలికి పోవద్దు. మీ ఇంట్లో ఈ జబ్బున్నవాళ్లుంటే రాత్రి పిక్కలు పడుతున్నాయా అని అడగండి, డాక్టర్‌కు చెప్పండి. మేం ఆర్నెల్లు చెప్పకుండా ఉండిపోయాం.