తిరుపతిలో మసాలా పట్టించిన నెత్తళ్లు కొనేవారికి ఒక హెచ్చరిక

ఆదివారం పూట చిన్న చేపలు తెచ్చుకొని ఇంట్లోనే వేయించుకునే తిరుపతి, చిత్తూరు కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. ముందుగానే ఎర్రటి మసాలా పట్టించి, పళ్లేల్లో గుట్టగా పోసి, "ఇంటికి పోయి నూనెలో వేస్తే చాలు" అంటూ అమ్మే నెత్తళ్లను దయచేసి కొనకండి. దుకాణం పేరు చెప్పడం లేదు. మా ఫిర్యాదు ఇంకా తేలలేదు, పైగా ఇలా అమ్మేది ఆ ఒక్క చోటే కాదు.

మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాటాక మా వారు, నేను కలిసి చేపల దుకాణానికి వెళ్లాము. మన ఊళ్లో శనివారం నీచు ముట్టని ఇళ్లు చాలా ఎక్కువ కాబట్టి ఆదివారం దుకాణాల దగ్గర నిలబడడానికి చోటుండదు. శుక్రవారం మిగిలిన సరుకు ఆదివారానికి ఏ రూపంలో బయటికి వస్తుందో అప్పుడు నాకు తోచలేదు. పచ్చి నెత్తళ్లు అయిపోయాయని, మసాలా పట్టించినవి మాత్రమే ఉన్నాయని అన్నారు. ఎప్పటివని అడిగితే, "తెల్లారుజామున కృష్ణపట్నం నుంచి దిగిన సరుకక్కా, కండ్లు మూసుకొని తీసుకోండి" అని అమ్మే అబ్బాయి చెప్పాడు. పళ్లెం కింద ఐసు లేదు. అయినా ఇంట్లో శుభ్రం చేసే పని తప్పుతుందన్న ఆశతో కిలో తీసుకున్నాము. నెత్తళ్లు శుభ్రం చేసినవారికి ఆ ఆశ ఎంత బలమైనదో తెలుసు: ఒక్కొక్క చేప తల గిల్లి, దానితోపాటే పేగు లాగి, రాళ్ల ఉప్పు, పసుపు వేసి రుద్ది కడిగేసరికి నడుము పట్టేస్తుంది.

ఇంటికి వచ్చి సగం మాత్రమే వేయించాను. మూకుడులో వేయగానే నూనె విపరీతంగా చిందింది, పైన నురుగు కట్టింది. మంచి నెత్తళ్లయితే వేరుశనగ నూనెలో అంచులు గట్టిపడేదాకా కదపకుండా ఉంచితే కరకరలాడుతూ విడివిడిగా వస్తాయి. ఇవి గరిటె తగలగానే ముక్కలై అడుగున పిండిలా చేరాయి. నిజానికి అక్కడే ఆపేయవలసింది. మసాలాలో నీరెక్కువై ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకొని, సంగటితో పాటు వడ్డించేశాను. తింటున్నప్పుడు నాలుక మీద మిరియాల మంట వంటిది తెలిసింది. కారం ఎక్కువ వేశారని అందరమూ అనుకున్నాము.

భోజనమైన అరగంటకు మా అత్తగారి ముఖం, మెడ ఎర్రగా కందిపోయాయి. దురద, తలనొప్పి, గుండె దడ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. తక్కువే తిన్న మా వారికి కూడా చెవులు వేడెక్కాయి. వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్తే, ఆమెకు ఇంతకుముందు చేపలు ఎప్పుడూ బాగానే పడేవని, తిన్నవారిలో ఇద్దరికి ఒకే తీరున వచ్చిందని విని, ఇది చేపల అలర్జీ కన్నా పాడైన చేపలో చేరే హిస్టమిన్ ప్రభావంలా ఉందని చెప్పి, దానికి విరుగుడు మందు ఇచ్చారు. సాయంత్రానికి తగ్గింది. పరీక్షశాలలో రుజువైన మాట కాదు ఇది, లక్షణాలను బట్టి ఆయన చెప్పినది మాత్రమే.

హిస్టమిన్ సంగతి మన వంటిళ్లలో చాలామందికి తెలియదు, నాకూ తెలియదు. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతల వంటి చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం సహజంగానే ఎక్కువ. పట్టిన తరువాత ఐసులో పెట్టకుండా ఎండలో, వేడిలో ఉంచితే బ్యాక్టీరియా దానిని హిస్టమిన్‌గా మారుస్తుంది. ఒకసారి తయారైతే అది ఉడికించినా, కరకరలాడేలా వేయించినా, గడ్డకట్టించినా పోదు. "నూనెలో మరిగితే ఏ దోషమైనా పోతుంది" అన్న మన నమ్మకం ఇక్కడ పనిచేయదు. అంతకన్నా మోసపుచ్చే విషయం మరొకటి ఉంది. ఇటువంటి చేప కొన్నిసార్లు నాలుకకు మంటగా తగిలి తన దోషాన్ని తానే చెబుతుంది, కానీ మన కారంలో ఆ మాట వినబడదు. చేపల గురించి మాట వస్తే అందరూ, చేప కుళ్లకుండా కలిపే ఫార్మలిన్ అనే రసాయనం గురించే అడుగుతారు. 2018లో కేరళలో ఫార్మలిన్ కలిపిన చేపలు పట్టుబడినప్పటి నుంచి ఆ భయం ఉంది, అది అర్థం లేని భయమూ కాదు. మా విషయంలో మాత్రం ఏ రసాయనమూ అక్కరలేకుండా, ఐసు దండుగని అనుకుంటే చాలినట్లుంది.

ఇక కృష్ణపట్నం మాట. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో ఇంజిను లేని నాటు పడవలు తెచ్చే కొద్దిపాటి చేప, పులికాట్ సరస్సు చేప ఉండవచ్చు. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న గానీ మొదలుకాదు కాబట్టి మే నెలలో అటు నుంచి లారీల్లోనూ రావచ్చు, శీతల గిడ్డంగి సరుకూ కావచ్చు. వీటిలో ఏదీ తప్పు కాదు. అయితే మే నెల ఎండలో గుట్టలు గుట్టలుగా నెత్తళ్లు చూపించి ఉదయమే సముద్రం నుంచి దిగాయంటే, ఏ పడవ తెచ్చిందని అడగవలసినది మనమే.

మర్నాడు ఫ్రిజ్‌లో మిగిలిన సగంలో గుప్పెడు పక్కన పెట్టి, తక్కినది తూచి కడిగాను. 450 గ్రాములు మసాలా పోయాక 280 గ్రాములు తూగింది. చేప ధరకు మనం కొన్నది పిండి, నీరు, రంగు అన్నమాట. ఎరుపు అంతా కారానిది కాదు, కడిగిన నీటిలో వేళ్లకు గులాబీ రంగు అంటింది. పొరుగున కర్ణాటక ప్రభుత్వం 2024 జూన్‌లో కబాబులు, చేప వంటకాలలో కృత్రిమ రంగులను నిషేధించింది ఊరికే కాదు. మసాలా తొలగాక కనిపించిన చేపల్లో చాలావాటికి పొట్టలు పగిలి ఉన్నాయి, వాసన అప్పుడు గానీ బయటపడలేదు.

పెద్ద చేపకు మొప్ప ఎత్తి చూస్తాము. వేలెడంత చేపకు అది కుదరదు కనుక పొట్టనే చూడాలి. తాజా నెత్తలి పొట్ట బిగువుగా, ఒళ్లు వెండిలా మెరుస్తూ, కన్ను నల్లగా తేటగా ఉంటుంది. గుప్పెడు తీసి వదిలితే విడివిడిగా జారాలి, ముద్దగా అంటుకోకూడదు. పచ్చివి దొరకకపోతే ఆ పూట కోడిగుడ్డుతో సరిపెట్టుకోండి. కొన్నాక కూడా, ఇంటికి చేరడానికి గంట పట్టేటట్లయితే ఐసు అడిగి వేయించుకోండి.

దుకాణానికి తిరిగి వెళ్తే, "మీ ఒక్కరికే ఎందుకొచ్చింది?" అన్నారు. రసీదు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఫోనులో డబ్బు చెల్లించిన వివరం ఒక్కటే ఆధారంగా మిగిలింది. దానితోనే వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేశాము. ఆహార భద్రత విషయాలకు 1800112100 వేరుగా ఉంది. మీకు ఇలా జరిగితే మిగిలిన చేపను నాలాగా కడిగి చూడకుండా, ఉన్నది ఉన్నట్లు మూటకట్టి గడ్డకట్టించి ఉంచండి. నా దగ్గర కడగకుండా మిగిలినది గుప్పెడే. అది తేదీ రాసిన డబ్బాలో, ఫ్రీజర్‌లో ఇంకా ఉంది.