సన్న పుస్తకం నేర్పిన 1.20

స్టీవెన్ ష్రీవ్ రాసిన ‘స్టోకాస్టిక్ కాల్‌క్యులస్ ఫర్ ఫైనాన్స్’ మొదటి భాగం నా దగ్గరికి వచ్చి నాలుగేళ్లయింది. మొదటి అధ్యాయం దగ్గర కుట్టు వదులై, ఎప్పుడు చేతిలోకి తీసుకున్నా ఆ పేజీకే తెరుచుకుంటుంది. నేను చెప్పబోయేది కూడా చాలావరకు ఆ పేజీ గురించే.

డిగ్రీ రెండో ఏడాదిలో అందరిలాగే నేనూ ఒక లావుపాటి పుస్తకంతో మొదలుపెట్టాను. పేరెందుకులెండి. మూడు నెలలు చదివేసరికి, షేరును ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కుకు, అంటే ఆప్షన్‌కు, ధర కట్టే బ్లాక్–షోల్స్ సూత్రంలో అంకెలు వేసి జవాబు రాబట్టే విద్య పట్టుబడింది. షేరు పెరుగుతుందా, తగ్గుతుందా అన్న అంచనాకు ఆ సూత్రంలో చోటే లేదెందుకని స్నేహితుడు అడిగితే మాత్రం నోట మాట రాలేదు.

ష్రీవ్ మొదటి లెక్కే దానికి సమాధానం. షేరు ధర 4. నాణెం ఎగరేస్తారు. బొమ్మ పడితే ధర 8, బొరుసు పడితే 2. వడ్డీ 25 శాతం. ఆ షేరును 5కు కొనుక్కునే హక్కు, అంటే కాల్ ఆప్షన్, ఈ రోజు ఎంత చేస్తుంది? పుస్తకం మూసి నేనే చేద్దామనుకున్నాను. బొమ్మ పడితే 8 విలువైన షేరు 5కే వస్తుంది, లాభం 3; బొరుసు పడితే హక్కు వాడుకోను, సున్నా. బొమ్మ పడే అవకాశం 90 శాతం అనుకుని, ఆ 3ను 0.9తో గుణించి, 1.25తో భాగించి, 2.16 అని పెన్నుతో రాశాను. కింద రెండు గీతలు కూడా గీశాను. ఆ గీతలు నోటుపుస్తకంలో ఇంకా ఉన్నాయి.

పుస్తకంలో జవాబు 1.20. బొమ్మ పడే అవకాశం 90 శాతమైనా, 10 శాతమైనా అదే 1.20. అచ్చుతప్పేమో అనిపించింది. తర్వాతి నాలుగు వాక్యాలు చదివాక పెన్ను పక్కన పెట్టేశాను. చేతిలో 1.20 ఉంది, 0.80 అప్పు తెచ్చి అర షేరు కొనండి. బొమ్మ పడితే అర షేరు విలువ 4, వడ్డీతో కలిపి అప్పు 1 తీర్చగా 3 మిగులుతుంది. బొరుసు పడితే అర షేరు విలువ 1, అది అప్పుకే సరి. ఆప్షన్ ఇచ్చేదీ అంతే కదా, 3 లేదా సున్నా! నేను ముచ్చటపడి 2.16 ఇచ్చి కొన్నాననుకోండి, అమ్మినవాడు 1.20తో ఈ పని చక్కబెట్టుకుని 0.96 జేబులో వేసుకుంటాడు. నాణెం ఎలా పడినా అతనికి చింత లేదు. నా 90 శాతం నమ్మకంతో ఎవరికీ పనిలేదు.

బ్లాక్–షోల్స్ సూత్రం 1973 నాటిది. ఈ నాణెం లెక్కలాగే ధర అడుగడుగునా రెండు కొమ్మలుగా చీలే కాక్స్, రాస్, రూబిన్‌స్టీన్‌ల చెట్టు పద్ధతి 1979లో వచ్చింది. చదివేవాళ్లకు మాత్రం ఈ వరుస తిరగేస్తేనే మేలని నా అభిప్రాయం.

రెండు వందల పేజీలు కూడా లేవు, సెలవుల్లో అయిపోతుందని అప్పట్లో కనిపించిన ప్రతివారికీ చెప్పాను. నిజానికి ఆ సెలవుల్లో నాకు అయినవి మూడు అధ్యాయాలే. గడువుకు ముందే వాడుకోగల అమెరికన్ ఆప్షన్ల అధ్యాయం, మూడోసారి అభ్యాసాలు చేస్తూ చదివితే గానీ లొంగలేదు. పైగా ఆ ఊపులో రెండో భాగం తెరిచి, సిగ్మా ఆల్జీబ్రాల దగ్గరే చతికిలపడ్డాను. తప్పు పుస్తకానిది కాదు. ఆ సిగ్మా ఆల్జీబ్రాలకు ఆధారమైన మెజర్ థియరీ, అంటే సంభావ్యతకు పునాది వేసే గణితం, చదవకుండా తలుపు తట్టింది నేను. ఏడాది ఆగి మళ్లీ వెళ్లాను.

ష్రీవ్ తెరిచేనాటికి నాకు సంభావ్యతలో ఒక సెమిస్టర్ చదువు ఉంది. పరీక్షల ఒత్తిడి కూడా లేదు. సంభావ్యత బొత్తిగా కొత్తయితే ఫైనాన్స్ గణితానికి షెల్డన్ రాస్ రాసిన పరిచయ గ్రంథం నయమేమో. అది మొదలయ్యేదే సంభావ్యతతో. లావుపాటి పుస్తకాన్ని అమ్మేద్దామని రెండుసార్లు అనుకుని మానేశాను. మార్జిన్, అంటే పూచీగా కట్టే సొమ్ము, ఎప్పుడు అడుగుతారు, గడువు రోజున ఏది ఎవరి చేతికి మారుతుంది వంటి సంగతులకు ఇప్పటికీ దాన్నే తెరుస్తున్నాను. పోయిన వారం కూడా తెరిచాను.