టువాలు వెళ్లాలా, వద్దా?

టువాలు వెళ్లొచ్చామనగానే మావాళ్లు ముందు "అదెక్కడ?" అంటారు, వెంటనే "ఎంతయింది?" అంటారు. ఎక్కడంటే, ఫిజీ నుంచి ఉత్తరానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటాక, పసిఫిక్‌లో చెదురుమదురుగా పడున్న తొమ్మిది పగడపు దీవులు. అన్నీ కలిపినా నేల 26 చదరపు కిలోమీటర్లే. జనం దాదాపు 11 వేలు. ఇక ఖర్చంటారా, అదే డబ్బుతో బాలి వెళ్లి రాజాలా ఉండి రావచ్చు. బీచ్, రిసార్టు, మసాజ్ కావాలనుకునేవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేసి నిజంగానే బాలి టికెట్ బుక్ చేసుకోండి. ఒక దేశం మొత్తం ఎలా నడుస్తుందో కాళ్లతో తిరిగి చూడొచ్చు అంటే సరదా పుట్టేవాళ్లకే ఈ యాత్ర.

మేముండేది ఆక్లాండ్‌లో. ఇక్కడ టువాలు వాళ్లు చాలామందే ఉన్నారు. మా ఆఫీసులో పనిచేసే ఆవిడ ఊరి కబుర్లు చెప్పీ చెప్పీ మాకు ఆశ పుట్టించింది. ఎలా వెళ్లినా దాదాపు ఫిజీ మీదుగానే. ఫిజీ రాజధాని సువా పక్కనున్న నౌసోరి విమానాశ్రయం నుంచి చిన్న ఏటీఆర్ విమానం, రెండున్నర గంటల ప్రయాణం. వారానికి కొన్ని సర్వీసులే కాబట్టి సీట్లు ముందే అయిపోతాయి. ఫిజీలో ఎలాగూ ఆగాలి కాబట్టి ఒక రోజు ఎక్కువే పెట్టుకోండి. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి చెరకు తోటల్లో కూలికి వచ్చిన మనవాళ్ల మనవలు, మునిమనవలు అక్కడ ఉన్నారు. తెలుగు మాట్లాడగలిగేవాళ్లు తగ్గిపోయారు గానీ, ఇంటిపేర్లు వినగానే పోల్చుకోవచ్చు. 1926లో మొదలైన దక్షిణ భారతీయుల సంఘం 'సంగం' వాళ్ల బడులు ఇప్పటికీ నడుస్తున్నాయి. నాడి అనే ఊళ్లో సుబ్రహ్మణ్యస్వామి గుడి దారిలో పడితే సరే, అది చూడ్డానికని దీవిని అడ్డంగా దాటి వెళ్లక్కర్లేదు.

విమానం దిగేముందు కిటికీ సీటు దొరికితే అదృష్టం. ఫునాఫుటి రాజధాని అనే మాటే గానీ, పైనుంచి చూస్తే నీలం నీళ్ల చుట్టూ గీసిన సన్నని ఆకుపచ్చ గీత. లోపలి లాగూన్, అంటే దీవుల మధ్య చిక్కుకున్న ఉప్పునీటి మడుగు, 275 చదరపు కిలోమీటర్లు, దాని చుట్టూ ఉన్న నేల రెండున్నర కూడా లేదు. జనమంతా ఉండేది ఫొంగఫాలె అనే దీవిలో. పొడవు 12 కిలోమీటర్లు, వెడల్పు బాగా ఉన్నచోట 400 మీటర్లు. కొన్నిచోట్ల రోడ్డు, రోడ్డుకు రెండు పక్కలా సముద్రం, అంతే.

బస విషయానికొస్తే రెండు రకాలు. లాగూన్ ఒడ్డున ప్రభుత్వ హోటల్ ఒకటుంది. ఏసీ, వరండాలోంచి సూర్యాస్తమయం దాని బలం. మిగతావి కుటుంబాలు నడిపే లాడ్జీలు, వంద ఆస్ట్రేలియన్ డాలర్లకు అటూ ఇటూ గది. మేం లాడ్జిలో దిగాం. రేటుకు తగ్గ గదేం కాదు. బాత్రూమ్ కుళాయి కారుతూనే ఉంది, చెప్పిన మూడో పూటకు గానీ ఎవరూ రాలేదు. కానీ మళ్లీ వెళ్లినా అలాంటి చోటే దిగుతాం. ఎందుకంటే హోటల్లో వరండా దొరుకుతుంది, లాడ్జిలో ఇల్లుగలావిడ దొరుకుతుంది. రాత్రి భోజనాలయ్యాక ఆవిడ చెప్పిన సంగతులు ఏ టూరిస్టు ఆఫీసూ చెప్పదు. ఇంటి ముందే తెల్లటి సమాధులు రెండు, పైన రేకుల కప్పు, ప్లాస్టిక్ పూలు. అత్తమామలవట. ఊళ్లో చాలా ఇళ్ల ముందు అంతే, పిల్లలు వాటి మీదే కూర్చుని ఆడుకుంటారు.

సాయంత్రం ఐదయ్యాక ఎక్కడికెళ్లాలని అడిగితే అందరూ చూపించేది రన్‌వేనే. 1943లో యుద్ధం కోసం అమెరికన్లు వేసింది. దీవి మధ్యలో ఉన్న వెడల్పైన నేలంతా అదే తినేసింది కాబట్టి ఊరికి మైదానమూ అదే. ఒక కొసన వాలీబాల్, ఇంకో కొసన రగ్బీ, మధ్యలో మోటార్ సైకిళ్లు నేర్చుకునే కుర్రాళ్లు, ఓ పక్కన చాపలేసుకుని కబుర్లాడే ఆడవాళ్లు. ఉక్కపోత రాత్రుల్లో అక్కడే పడుకునేవాళ్లూ ఉన్నారు. విమానం వచ్చే రోజు సైరన్ మోగుతుంది, అందరూ తీరిగ్గా లేచి చాపలు దులుపుకుని పక్కకెళ్తారు. ఎవరికీ టెన్షన్ లేదు, నాకు తప్ప.

తిరగడానికి మోటార్ సైకిల్ అద్దెకు తీసుకోండి, ఒక్క రోజులో దీవి ఆ కొస నుంచి ఈ కొసకు రెండుసార్లు తిరగొచ్చు. నగదు ఫిజీలోనే ఆస్ట్రేలియన్ డాలర్లుగా మార్చుకుని వెళ్లడం మంచిది. దేశంలో మొదటి ఏటీఎంలు 2025 ఏప్రిల్‌లో వచ్చాయి. అవి ఉన్నాయి కదా అని ఉత్త కార్డుతో మాత్రం దిగకండి. మేం వెళ్లినప్పుడు ఇంటర్నెట్ నిదానంగానే ఉంది. నీళ్ల సంగతి అన్నిటికంటే ముఖ్యం. నది లేదు, వాగు లేదు, ప్రతి ఇంటికీ చూరు నీళ్లు పట్టే ట్యాంకే ఆధారం. 2011లో వానలు మొహం చాటేస్తే అత్యవసర పరిస్థితి ప్రకటించి ఇంటికిన్ని బకెట్లని పంచారు. అందుకే షవర్ కింద ఎక్కువసేపు ఉంటే ఇల్లుగలావిడ తలుపు కొడుతుంది. కొట్టడం న్యాయమే.

తిండికి చేపలు తినేవాళ్లకు పండగ. పొద్దున పట్టిన ట్యూనా ముక్కలు, నిమ్మరసం, కొబ్బరిపాలు, పచ్చిగానే. దాని కోసమైనా మళ్లీ వెళ్తాను. మిగతాది ఓడలో వచ్చిన బియ్యం, ఫ్రోజెన్ చికెన్, నూడుల్స్. కూరగాయలు బంగారం. తైవాన్ వాళ్లు సాయంగా నడిపే తోట ఒకటుంది, అమ్మే రోజు పొద్దున్నే వెళ్లి నిలబడితే దోసకాయలు, ఆకుకూరలు దొరుకుతాయి. శాకాహారులు పప్పు, ఉప్మా రవ్వ లాంటివి ప్యాకెట్లలో తెచ్చుకుంటే బతికిపోతారు. ఇక కొబ్బరి పూగెల చివర కోసి, పొద్దునా సాయంత్రం దించే తీపి కల్లు మనకు కొత్తదేం కాదు. అక్కడ మాత్రం దాన్ని పిల్లలక్కూడా తాగిస్తారు. పాత తరం తిండి పులాకా దుంప, మన చామ కుటుంబానిదే. నేలను గోతులుగా తవ్వి, కింద తేలే మంచినీటి పొర దగ్గర నాటుతారు. ఆ గోతుల్లోకి ఇప్పుడు ఉప్పునీరు ఊరుతోంది.

అసలు చూడాల్సింది ప్రభుత్వాన్ని. నవ్వకండి. ఎయిర్‌పోర్టుకు కూతవేటు దూరంలో మూడంతస్తుల భవనం, అదే సచివాలయం, తైవాన్ కట్టించి ఇచ్చింది. ఐక్యరాజ్యసమితిలో 2000లో చేరిన ఈ దేశం ఇప్పటికీ బీజింగ్‌ని కాక తైపేనే గుర్తిస్తోంది. 1978 అక్టోబర్ 1న స్వాతంత్ర్యం వచ్చినా రాజు మాత్రం బ్రిటన్ రాజే, ఆయన తరఫున గవర్నర్ జనరల్. పార్లమెంటులో 16 మంది, ఎనిమిది దీవులకు ఇద్దరిద్దరు (బుల్లి తొమ్మిదో దీవిని ఇంకోదానితో కలిపి లెక్కిస్తారు). పార్టీలు లేవు. ఎన్నికలయ్యాక గెలిచినవాళ్లే కూర్చుని ప్రధానిని తేల్చుకుంటారు. 2024 జనవరిలో అప్పటి ప్రధాని కౌసియా నటానో తన సీటే పోగొట్టుకున్నారు. కొత్త ప్రధాని ఎంపిక వారాలపాటు ఆగింది, క్యాంపు రాజకీయాల వల్ల కాదు, సముద్రం బాగోక బయటి దీవుల సభ్యుల పడవలు రాజధాని చేరలేకపోయాయి. చివరికి ఫిబ్రవరిలో ఫెలెటి టియో పోటీ లేకుండా ఎన్నికయ్యారు. "మా మంత్రితో మాట్లాడాలంటే ఆదివారం చర్చి దగ్గర పట్టుకుంటే చాలు" అంది ఇల్లుగలావిడ.

డబ్బెక్కడిదంటే, ముఖ్యంగా చేపలది. వాళ్లు పట్టి అమ్మేది కాదు. ఈ చిటికెడు నేల చుట్టూ వాళ్లకు హక్కున్న సముద్రం లక్షల చదరపు కిలోమీటర్లు. అందులో ట్యూనా పట్టే విదేశీ ఓడలకు రోజుల లెక్కన అనుమతులు అమ్ముతారు. రెండోది ఇంకా విచిత్రం. అంతర్జాలంలో దేశానికి వచ్చిన గుర్తు డాట్ టీవీ. ట్విచ్ లాంటి వీడియో సైట్లన్నీ ఆ తోక కోసం కట్టే డబ్బులో వీళ్లకు వాటా. ఐక్యరాజ్యసమితిలో చేరే ఖర్చుకు, రోడ్లకు తారు వేయడానికి ఆ ఆదాయం పనికొచ్చింది. మూడోది 1987లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్ల విరాళాలతో మొదలైన ట్రస్టు నిధి. ఆపైన విదేశీ ఓడల్లో పనిచేసే కుర్రాళ్లు ఇంటికి పంపే డబ్బు. స్టాంపుల బ్యూరో కూడా ఒకప్పుడు బాగా సంపాదించిపెట్టింది. సేకరించే అలవాటుంటే అక్కడ ఓ గంట ఇట్టే గడిచిపోతుంది.

సందర్శన ప్రదేశాల్లో ఖర్చుకు నూటికి నూరుపాళ్లు తగింది ఒక్కటే, లాగూన్ పడమటి అంచున ఉన్న కన్జర్వేషన్ ఏరియా. 33 చదరపు కిలోమీటర్ల నీళ్లు, ఆరు బుల్లి దీవులు, చేపలు పట్టడం నిషేధం. పడవ అద్దె ఎక్కువే, నలుగురైదుగురు కలిస్తే తేలికవుతుంది. నీళ్లు, టోపీ, తిండి మీరే తీసుకెళ్లాలి, అక్కడ కొబ్బరిచెట్టు తప్ప కొట్టు లేదు. ఈత కళ్లద్దాలు పెట్టుకుని తల ముంచగానే చిలుకచేపలు పగడాన్ని పటపటా కొరికే చప్పుడు వినపడుతుంది. మా ఆవిడ నీళ్లలోంచి బయటికి రానంది.

డార్విన్ పగడ దీవుల సిద్ధాంతాన్ని తేల్చుకోవడానికి 1890ల్లో లండన్ రాయల్ సొసైటీ తవ్వించిన బోరు గుంట మాత్రం దారిలో పడితేనే. చరిత్ర గొప్పదే, చూడ్డానికి సిమెంటు దిమ్మె. దానికంటే లాగూన్ ఒడ్డున ఇసుక తోడిపోసి కొత్తగా లేపిన నేల చూడండి. దేశంలో ఎత్తైన చోటు కూడా ఐదు మీటర్లు దాటదు. ఫిబ్రవరి పోటు రోజుల్లో నీళ్లు ఒడ్డు దాటి రావడమే కాదు, నేల లోపలి నుంచీ ఉబుకుతాయి. ఈ ముంపు భయంతోనే ఆస్ట్రేలియాతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏడాదికి 280 మందికి అక్కడ స్థిరపడే వీసా ఇస్తున్నారు. 2025లో మొదటి లాటరీకి కుటుంబసభ్యులతో కలిపి ఎనిమిది వేలకు పైగా పేర్లు పడ్డాయి. లాడ్జి ఆవిడ కొడుకు వేశాడు, ఆవిడ వేయలేదు.

వైతుపు, ననుమెయా లాంటి బయటి దీవులకు ప్రభుత్వ ఓడలు ఉన్నాయి గానీ, బయల్దేరే రోజు, తిరిగొచ్చే రోజు సముద్రం ఇష్టం. సెలవు లెక్కపెట్టుకుని వచ్చేవాళ్లు ఆ ఆలోచన మానుకోవాలి. తిరుగు ప్రయాణంలో కూడా, ఫునాఫుటి విమానానికీ ఫిజీ నుంచి మీ పెద్ద విమానానికీ మధ్య కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. వాన గట్టిగా పడితే ఏటీఆర్ రాదు. రాకపోతే వేరే దారి లేదు.